పడ్డానని ఎలా చెప్పాలి

జూలై 2, మంగళవారం

ఇక్కడ జూలై అంటే నడి చలికాలం, నది మీంచి పొగమంచు పది దాటినా లేవలేదు. లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసుకి సగం మందే వచ్చారు.

పాఠం: ఇంట్లో రోజూ జరిగే చిన్నచిన్న ప్రమాదాలు. చెయ్యి కాలడం, పాలు ఒలకడం, బొటనవేలు బల్లకాలికి కొట్టుకోవడం, తడి నేల మీద జారడం. నిజానికి ఈ వారం వంతు బ్యాంకు పాఠానిది. ఎందుకో ఇది పెట్టాలనిపించింది.

ఎప్పటిలాగే పబిత్రా మొదట లేచింది. నేపాలీ శాలువా, ముందు వరస, చేతిలో చెక్కిన పెన్సిలు. “మా అబ్బాయి సైకిల్ మీద హ్యాడ్ ఎ ఫాల్, మిస్” అంది. వాడికి నాలుగేళ్ళు. నవ్వకూడదు. నవ్వాను.

“ఆ మాట వాడికి వద్దు పబిత్రా. పిల్లలు ‘ఫెల్ ఓవర్’. పడతారు, లేస్తారు, బిస్కెట్ ఇస్తే మర్చిపోతారు. ‘హ్యాడ్ ఎ ఫాల్’ అనేది ముసలివాళ్ళకి. ఆ మాట వెనకాలే అంబులెన్సు వస్తుంది, కూతుళ్ళు వస్తారు, వాకిట్లోకి ‘ఇల్లు అమ్మబడును’ అనే బోర్డు వస్తుంది.”

అందరూ నవ్వారు. పబిత్రా నవ్వలేదు, రాసుకుంది. రాసుకుని తలెత్తింది.

“ఏ వయసు నుంచి, మిస్?”

“ఏది?”

“ఫెల్ ఓవర్ ఏ వయసుకి ఆగిపోతుంది? హ్యాడ్ ఎ ఫాల్ ఏ వయసుకి మొదలవుతుంది?”

ముప్ఫై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పాను, పదేళ్ళుగా ఇక్కడ ఊరికే చెబుతున్నాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. “మంచి ప్రశ్న” అన్నాను. టీచర్లకి జవాబు తెలియనప్పుడు అనే మాట అది.

బోర్డు మీద మూడు మాటలు రాసి తప్పించుకున్నాను. ‘ట్రిప్’ అంటే ఏదో కాళ్ళకి తగిలింది, తప్పు దానిది. ‘స్లిప్’ అంటే కాలు జారింది, తప్పు నేలది. ఊరికే ‘ఫెల్’ అంటే మాత్రం ఎందుకు పడ్డావని అడుగుతారు. కాబట్టి ఎవరైనా పడ్డామంటే ఊరుకోకండి, అడగండి అన్నాను: దేన్ని తట్టుకుని? దేని మీద జారి? ఇద్దరేసి చొప్పున సాధన చేశారు. గది నిండా తివాచీలు, అరటి తొక్కలు.

మోచేతి మీద కమిలిన చోటు ఇప్పుడు పసుపు రంగుకి తిరిగింది. స్వెటర్ చేతులు పొడుగైనవే మంచివి.

జూలై 3

కోళ్ళగూడు దగ్గర పడ్డాను. హోస్ పైపు తట్టుకుని. హోస్ పైపు.

జూలై 4, గురువారం

మనవరాలు హెటీ రోజు. వారంలో మిగతావన్నీ క్యాలెండర్‌లో ఖాళీ నింపడానికి ఉన్నవి.

బ్రోన్విన్ పొద్దున్నే దాన్ని దించడానికి వచ్చింది. నా కూతురు పశువుల ఆసుపత్రిలో నర్సు. నన్నూ అలాగే చూస్తుంది, ముందు కళ్ళు, తర్వాత నడక, చివరికి పలకరింపు.

“చేతికేమైంది?”

“తట్టుకుని పడ్డాను.”

“దేన్ని?”

“కోడిని.”

“ఏ కోడిని?”

“మార్గరెట్‌ని. దాని బుద్ధి తెలుసుగా, కాళ్ళలో కాళ్ళు పెడుతుంది.”

“మొన్న బాత్రూమ్‌లో చాప. అంతకుముందు మెట్టు. ఇప్పుడు కోడి. నీ ఇంట్లో అన్నీ కలిసి నీ మీద కుట్ర పన్నాయా అమ్మా?”

“కోడి ఒక్కతే. చాప అమాయకురాలు.”

“మెడలో ఆ బటన్ వేసుకోమన్నాను. నొక్కితే ఎవరో ఒకరు పలుకుతారు.”

“ఆవుకి గంట కట్టినట్టు.”

“ఆవులు చెప్పిన మాట వింటాయి.”

ఇది నా నోరే. ఎక్కడికి పోతుంది.

హెటీ అప్పటికే బూట్లు విప్పేసి కట్టెలతో మండే హీటర్ పక్కనున్న కట్టెల బుట్ట దగ్గరికి పరిగెత్తింది. బ్రోన్విన్ దాన్ని చూస్తూ గొంతు తగ్గించింది. “చూడు, తట్టుకుని పడటం వేరు. ఎవరైనా తట్టుకుంటారు. అదే నీ అంతట నువ్వు పడుతున్నావనుకో, గురువారాల సంగతి మళ్ళీ ఆలోచించుకోవాలి. హెటీకి రెండున్నరేళ్ళు. నువ్వు కింద పడుంటే అది ఏం చేస్తుంది?”

“నా అంతట నేను పడటానికి నాకేం పని?” అన్నాను.

వాళ్ళమ్మ వెళ్ళాక హెటీ, నేనూ గుమ్మడికాయ స్కోన్లనే చిన్న బన్నులు చేశాం. పిండి సగం దాని జుట్టులోకి పోయింది. కోళ్ళకి మెతుకులు వేయడానికి వెళ్ళినప్పుడు నా వేలు పట్టుకుని “గ్రాన్, మెల్లగా” అంది. ఎవరు నేర్పారో.

జూలై 9, మంగళవారం

క్లాసు అయ్యాక పబిత్రా ఆగింది. వాళ్ళత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలట, మాటలు ముందే సిద్ధం చేసుకోవాలట.

“పడుతోందా?”

“అవును మిస్. కానీ దేన్నీ తట్టుకోదు. నేను మీలాగే అడిగాను, దేన్ని తట్టుకుని, దేని మీద జారి అని. ఆమెకి కోపం వచ్చింది. నేలే పైకి లేచి వచ్చింది అంటుంది. మా భాషలో రింగటా అంటాం. లోపల బొంగరం తిరిగినట్టు.”

తల తిరగడానికి ‘డిజీ’ అని చెప్పాను. కళ్ళు చీకట్లు కమ్మి పడిపోతే ‘ఫెయింటెడ్’. స్పృహే లేకపోతే ‘బ్లాక్డ్ అవుట్’. మా అమ్మ అయితే ఇవేవీ అనేది కాదు, ‘టర్న్’ అనేది. “మీ అక్కకి మళ్ళీ టర్న్ వచ్చింది” అని మా నాన్నతో కిటికీ తలుపు వేసి మరీ చెప్పేది. అత్తయ్యని ఆ ఏడు చివర్లో ఎక్కడికో పంపేశారు. ఆవిడ పియానో మాకొచ్చింది.

ఇదంతా పబిత్రాకి చెప్పలేదు. “టర్న్ పాతమాట, వాడొద్దు” అన్నాను.

“ఎందుకు మిస్? చిన్నగా ఉంది, బావుంది.”

“చిన్నగా ఉన్నవన్నీ బావుండవు.”

కారు దాకా నడిపిస్తానంది. వద్దన్నాను. నడిపించింది.

జూలై 11, గురువారం

హెటీ నుదుటి మీద చిన్న బొప్పి. కట్టెల బుట్టకి కొట్టుకుంది. అంతే.

గడ్డకట్టిన బఠానీల సంచీ గుడ్డలో చుట్టి పెట్టాను. బ్రోన్విన్ వచ్చేసరికి సగం తగ్గింది.

ఏమని చెప్పాలో ముందే అనుకున్నాను. హెటీ గాట్ ఎ బంప్. వద్దు, ఎలా అని అడుగుతుంది. హెటీ హర్ట్ హర్‌సెల్ఫ్. మరీ పెద్ద మాట. చివరికి ‘హెటీ బంప్డ్ హర్ హెడ్’ అన్నాను. బంప్ మెత్తటి మాట, దిండులాంటిది. ఆ వాక్యంలో పని చేసింది హెటీ, తగిలింది హెటీ తలకి, నేను ఎక్కడా లేను.

“పిల్లలన్నాక తప్పుతుందా” అంది బ్రోన్విన్, బొప్పి మీద ముద్దు పెట్టి. అంతే. నమ్మింది. ఎందుకు నమ్మదు? దానికి మాటలు నేర్పిందే నేను.

కారు సీట్లో బెల్టు పెడుతుంటే హెటీ చెప్పింది: “గ్రాన్ నిద్ర. నేల నిద్ర.”

బ్రోన్విన్ నవ్వింది. “కునుకు తీశావా అమ్మా?”

“తివాచీ మీద ఆడుకుంటూ కాసేపు కళ్ళు మూసుకున్నాను. నీ కూతురు పొద్దున్నించీ గుర్రం ఎక్కింది నా మీద.”

గుర్రం మాట నిజమే.

జూలై 12

హీటర్ తలుపు మూసే ఉంది.

జూలై 13

హీటర్ తలుపు మూసే ఉంది, దాదాపుగా.

జూలై 14

హీటర్ తలుపు తీసి ఉంది.

జూలై 15, సోమవారం

రాస్తాను. చదివేది నేనొక్కదాన్నే, నాకే అబద్ధం చెబితే ఇంకెవరికి నిజం చెప్పాలి.

గురువారం చలి ఎక్కువగా ఉందని హీటర్‌లో ఇంకో కట్టె వేద్దామనుకున్నాను. హెటీ నా కుడి పక్కన నిలబడి నా స్కర్టు పట్టుకుంది. ‘వేడి, ముట్టుకోకు’ అన్నాను. ‘వేడి’ అంది. తలుపు తీశాను. చేతిలో కట్టె ఉంది.

ఆ తర్వాతి వాక్యం లేదు.

దాని తర్వాతి వాక్యంలో నా చెంప తివాచీ మీద ఉంది. హెటీ నా పక్కన కూర్చుని నా జుట్టు నిమురుతోంది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న మొహం, ముక్కు కారుతోంది, నుదుటి మీద బొప్పి. బుట్టకి కొట్టుకుందో, నేనే దాని మీద పడ్డానో, పడేటప్పుడు నా చేతిలోని కట్టె తగిలిందో నాకు తెలియదు. ఎవరినీ అడగడానికి లేదు. సాక్షికి రెండున్నరేళ్ళు. ఆ సాక్షి చెప్పాల్సింది చెప్పేసింది కూడా. బ్రోన్విన్, నేనూ నవ్వాం.

తలుపు తీసి ఉంది. హెటీ మోకాలికీ ఆ నిప్పుకీ మధ్య ఏమీ లేదు.

దాన్ని ఎత్తుకోవడానికి భయమేసింది. ముందు పాక్కుంటూ వెళ్ళి తలుపు మూశాను. తర్వాత ఎత్తుకోలేదు, కూర్చునే ఒళ్ళోకి లాక్కున్నాను.

ఇంకోటి. హోస్ పైపు ఏప్రిల్ నించీ షెడ్డులో చుట్ట చుట్టి ఉంది. మార్గరెట్ ఆ రోజు గుడ్ల మీద కూర్చుంది, గూట్లోంచి కదల్లేదు. చాపకి కింద రబ్బరు ఉంది, అది జారదు.

ఎల్లుండి దాటితే మళ్ళీ గురువారం.

ఒంట్లో బాగాలేదని చెబితే సరిపోతుంది. జలుబు. ఈ వారం జలుబు. పై వారం?

జూలై 16, మంగళవారం

కారు తీయలేదు. బస్సులో వెళ్ళాను. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే పెట్రోలు ధర అనేదాన్ని.

రెండు వారాల కిందటి పాఠమే తిరగేశాం. వరసగా ఒక్కొక్కరూ ఒక చిన్న ప్రమాదం చెప్పాలి, పక్కవాళ్ళు ప్రశ్నలడగాలి. హమీద్ సూప్ గిన్నె జారవిడిచాడు. ఎప్పుడూ ‘గిన్నె పడింది’ అంటాడు, గిన్నెకే కాళ్ళున్నట్టు. ఈసారి ‘నేను గిన్నె పడేశాను’ అన్నాడు. చప్పట్లు కొట్టాను. ఇంగ్లీషులో వాక్యానికి ముందు ఎవరో ఒకరు నిలబడాలి హమీద్, నిలబడ్డారు, శభాష్ అన్నాను.

“మీరూ చెప్పండి మిస్” అన్నారు వెనకనుంచి ఎవరో. “ఎప్పుడూ మేమేనా?”

ఏదో ఒక కప్పు పగలగొడితే పోయేది. నోరు నా మాట వినలేదు.

“పోయిన గురువారం నేను పడ్డాను” అన్నాను.

“దేన్ని తట్టుకుని, మిస్?” పబిత్రా వెంటనే అందుకుంది. పాఠం బాగా వచ్చేసింది.

మార్కరుకి మూత పెట్టాను.

“దేని మీద జారి?”

గదిలో నవ్వు ఒక్కొక్కరి మొహంలోంచే ఆరిపోవడం చూశాను. పబిత్రా పెన్సిలు కింద పెట్టింది.

“రింగటా?” అంది, చాలా మెల్లగా, ఆ మాట మా ఇద్దరిదే అన్నట్టు.

“గంట కొట్టారు” అన్నాను. లైబ్రరీలో గంట లేదు. అందరూ పుస్తకాలు సర్దుకున్నారు, పాపం, గంట ఉన్నట్టే.

బస్టాపు దాకా వచ్చింది. వాళ్ళత్తగారికి గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందట, మధ్యలో ఆగి ఆగి. చర్మం కింద చిన్న యంత్రం పెట్టారు. ఇప్పుడు మెట్ల మీద పరిగెత్తుతోంది, కోడల్ని తిట్టడానికి ఊపిరి కూడా పెరిగింది. “చెప్పడం ఆలస్యం చేసింది మిస్. సిగ్గుపడింది” అని మాత్రం అంది. బస్సు వచ్చింది.

జూలై 17, బుధవారం

ఫోనులో చెబుదామనుకున్నాను. ఫోనులో నేను బాగా మాట్లాడతాను. అందుకే మానేశాను.

నడిచి వెళ్ళాను. మా వీధి కొండ దిగినట్టు దిగుతుంది, పక్క ఇళ్ళ కంచెలన్నీ పట్టుకుంటూ దిగాను. పశువుల ఆసుపత్రి వసారాలో మా ఊరి వాలెస్ తన ముసలి గ్రేహౌండ్ కుక్కతో కూర్చున్నాడు.

“ఏంటి నోలా, ఏ జంతువుని తెచ్చావు?”

“నన్నే.”

“సూదులు బాగా వేస్తారు ఇక్కడ” అన్నాడు. కుక్క నన్ను జాలిగా చూసింది.

బ్రోన్విన్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి, నా కళ్ళు చూసి, వెనకాల గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడంతా కుక్కల మందు వాసన.

“రేపు హెటీని తీసుకురావద్దు” అన్నాను.

“ఏమైంది?”

“జలుబు” అనబోయాను. జ అనేశాను కూడా.

“అమ్మా.”

“పోయిన గురువారం హెటీ తల కొట్టుకుందని చెప్పాను చూడు.”

“ఊ.”

“ఆ వాక్యంలో నేను కూడా ఉన్నాను.”

చెప్పాను. కట్టె, స్కర్టు, తివాచీ. ఎంతసేపు పడున్నానో తెలియదని. కోడి కాదని. హోస్ పైపు మాటా చెప్పాను, అది దానికి తెలియదు, అడగలేదు, అయినా చెప్పాను.

“హీటర్?” అంది బ్రోన్విన్ చివరికి.

“హీటర్ ఏమిటి?”

“తలుపు, అమ్మా.”

“తీసి ఉంది.”

కొళాయి తిప్పి చేతులు కడుక్కుంది. శుభ్రంగా ఉన్న చేతులే. చాలాసేపు కడుక్కుంది.

“నేను నవ్వాను” అంది కొళాయి వైపే చూస్తూ. “దారి పొడుగునా గ్రాన్ నిద్ర, గ్రాన్ నిద్ర అంటూనే ఉంది. నేను పాట కట్టి మరీ పాడాను దాంతో. నువ్వు ఆ కారు తలుపు దగ్గర నిలబడి...”

“నేను చెప్పింది అబద్ధం కాదు బ్రోన్. దాని తలకి తగిలింది.”

“అబద్ధం కాదా?” ఇటు తిరిగింది. “చిన్నప్పుడు కిటికీ అద్దం పగిలింది అన్నానని నన్ను గంటసేపు నిలబెట్టావు. ‘ఎవరు పగలగొట్టారు?’ అని. పగిలిందమ్మా అని ఏడిస్తే, వాక్యంలో మనిషి ఏడీ అన్నావు. గుర్తుందా? నీ వాక్యంలో మనిషి ఏదమ్మా? నా కూతురు ఒక్కతే ఉంది అందులో!”

“గురువారాలు పోతాయని” అన్నాను. “ఇంకేం లేదు. గురువారాలు పోతాయని.”

ఏడ్చింది. కోపంగా ఏడ్చింది, ముక్కు చీదుతూ. తర్వాత నా మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. మొహం మారింది. మళ్ళీ లెక్కపెట్టింది.

నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చి, బల్ల దగ్గరి పిల్లతో అంది: “నేను వెళ్ళాలి. మా అమ్మ... మమ్స్ హ్యాడ్ ఎ ఫాల్.”

వాలెస్ టోపీ తీశాడు, ఇంకా నేను బతికే ఉండగా.

జూలై 18, గురువారం

ఆసుపత్రి. గుండెకి తీగలు. ఇక్కడ అందరూ నన్ను ‘డార్లింగ్’ అంటున్నారు, ఒక్కరికీ పేరు తెలియదు.

గురువారం.

జూలై 24

నాదీ పబిత్రా అత్తగారిదీ ఒకే జబ్బు. గుండె కొట్టుకోవడం మధ్యలో మానేస్తోంది, చాడీ వినడానికి ఆగినట్టు. యంత్రం పెట్టారు, అగ్గిపెట్టె అంత కూడా లేదు. డాక్టరు కుర్రాడు బాగానే ఉన్నాడు. “చిన్న చిన్న ఫాల్స్ ఏమైనా వచ్చాయా?” అని అడిగాడు. ఫాల్స్ రావు బాబూ, మనుషులు పడతారు, నేను పడ్డాను, దేన్నీ తట్టుకోకుండా, చాలాసార్లు అన్నాను. రాసుకున్నాడు. తిన్నగా రాశాడో లేదో చూశాను.

కొన్నాళ్ళు కారు తోలకూడదు. తాళాలు బ్రోన్విన్ సంచీలో ఉన్నాయి. గురువారాల గురించి అది మాట్లాడలేదు. నేనూ అడగలేదు. మెడలో బటన్ ఉంది. గంటలాగే ఉంది.

జూలై 30, మంగళవారం

పబిత్రా వచ్చి కారులో తీసుకెళ్ళింది. దారిలో నేనే ఎత్తాను.

“నువ్వో ప్రశ్న అడిగావు. ఏ వయసు నుంచి అని.”

“అవును మిస్.”

“వయసు కాదు. ఎవరు చెబుతున్నారన్నదే లెక్క. పడినవాళ్ళు చెబితే ‘ఐ ఫెల్’. పడినవాళ్ళ గురించి, వాళ్ళ తల మీదుగా, ఇంకొకళ్ళు చెబితే ‘హ్యాడ్ ఎ ఫాల్’. నీ మాట నువ్వు చెప్పుకోవడం మానేశావంటే చాలు, ఆ రోజు నుంచి మొదలవుతుంది.”

సిగ్నల్ దగ్గర కారు ఆపింది. “అయితే మా అత్తగారికి ఎప్పటికీ రాదు మిస్” అంది.

ఆగస్టు 1, గురువారం

వచ్చారు. ఇద్దరూ.

బ్రోన్విన్ సెలవు పెట్టింది. హీటర్ చుట్టూ ఇనప జాలీ బిగించింది, నోట్లో రెండు స్క్రూలు పెట్టుకుని. “గురువారాలు నేను పగటి డ్యూటీ మానేశాను” అంది, స్క్రూల మధ్యనుంచి. “నేనూ ఉంటాను. ప్రస్తుతానికి. యంత్రం సంగతి చూద్దాం.”

“నాకు కాపలాయా, దానికా?”

“ఇద్దరికీ. టీ పెడతావా, పెట్టనా?”

“నేను పెడతాను.”

“వంటింటి తలుపు తీసి ఉంచు.”

తీసే ఉంచాను. నేను కప్పులతో తిరిగొచ్చేసరికి హెటీ తివాచీ మీద, సరిగ్గా ఆ చోటే, చెంప నేలకి ఆనించి పడుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది, రెప్పలు అదురుతున్నాయి. “గ్రాన్ నిద్ర” అంది.

బ్రోన్విన్ స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. కప్పులు బల్ల మీద పెట్టాను. మోకాళ్ళు వంచి, కుర్చీ పట్టుకుని, దాని పక్కన నేల మీద కూర్చున్నాను. అందుకు కొంత సమయం పట్టింది.

“నిద్ర కాదు తల్లీ. గ్రాన్ పడింది.”

హెటీ కళ్ళు తెరిచింది. నా మొహాన్నీ తివాచీనీ మార్చి మార్చి చూసింది. తనకి తెలిసిన మాటల్లో వెతుక్కుంటోంది. ఉన్నవే కొన్ని. నా నుదురు చేత్తో తడిమింది, బొప్పి కోసం.

“గ్రాన్ ఫెల్ ఓవర్” అంది.

బ్రోన్విన్ నా వైపు చూసింది, దిద్దుతానేమో అని.

“కరెక్ట్” అన్నాను.

హెటీ లేచి వెళ్ళి నాకో బిస్కెట్ తెచ్చింది.